హెప్‌వర్త్ గారి హకారం

"ఏమోస్ హెప్‌వర్త్ శత్రువుకి అమ్ముడుపోయాడు," అన్నాడు గూఢచారి శాఖ అధిపతి కర్నల్ స్ట్రిక్‌లాండ్, తలుపు మూసుకోగానే. "రుజువు పట్టుకురా."

అతని గూఢచారి రూపర్ట్ గార్‌సైడ్‌కి వెంటనే నమ్మబుద్ధి కాలేదు. 1909లో హెప్‌వర్త్ పేరు తెలియనివాళ్లు లండన్‌లో లేరు. యార్క్‌షైర్ బొగ్గుగనిలో చిన్నప్పుడే పనికి దిగి, కార్మిక సంఘం నడిపి, ఎన్నికల్లో ఒక ప్రభువు కొడుకుని మట్టికరిపించి, నౌకాదళ శాఖలో ఉపమంత్రి అయిన మనిషి. కొత్త యుద్ధనౌకల బిల్లు అతని చేతిమీదుగానే సభకు వస్తోంది. ఆ నౌకల వివరాలే బెర్లిన్‌కు చేరుతున్నాయి.

అతని పేరు బయటపెట్టింది మదామ్ ఈలోనా వెరెష్. బుడాపెస్ట్ నుంచి వచ్చిన గాయని. ఆమె పాడితే లండన్ కుర్రకారు మతి పోగొట్టుకునేది. జర్మన్ ముఠాలో ఉంటూ కర్నల్‌కు కబుర్లు మోసేది. హెప్‌వర్త్ ప్రతి గురువారం చాటుగా తన ఇంటికొచ్చి రహస్యాలు చేరవేస్తున్నాడని ఆమే చెప్పింది.

గార్‌సైడ్ మీసం తీసేసి, నౌకరు వేషంలో హెప్‌వర్త్ ఇంట చేరాడు. బూట్లు తుడిచాడు, టీ అందించాడు. కన్ను మాత్రం అతని మీదే. హెప్‌వర్త్ అద్దం ముందు పెదవులు కదుపుతూ, అలికిడైతే చప్పున ఆపేసేవాడు. గురువారాలు గుర్రబ్బండిని వీధి చివరే ఆపించి, కోటు కాలరు పైకెత్తుకుని నడిచి వెళ్లేవాడు. దాచుకునేదేమీ లేనివాడు అలా నడవడు.

బిల్లు రోజు పొద్దున కూడా వెళ్లాడు. గార్‌సైడ్ పక్క వాటాలో దూరి, డాక్టర్లు వాడే గొట్టాన్ని గోడకు ఆనించి విన్నాడు.

"మళ్లీ అనండి. హౌస్," అంటోంది ఈలోనా.

"ఔస్."

"ఊపిరి వదలండి. హౌస్."

"ఔస్." హెప్‌వర్త్ విసుక్కున్నాడు. "నాకిది చచ్చినా రాదమ్మా. నా పేరు నేనే ఎప్‌వర్త్ అంటాను. ఎదుటి బెంచీల దొర ఒకడు, మీ హకారం గనిలో పారేసుకున్నారా, వెతికించమంటారా అన్నాడు. సభంతా నవ్వింది."

ఆ తర్వాత ఆమె ఉపన్యాసం చదివించింది. ఈ నౌకల సంగతి అర్థమైతేగానీ గొంతు ఎక్కడ పెంచాలో చెప్పలేనంది. అతను సభలో చెప్పకూడనివి కూడా పసివాడిలా విడమరిచి చెప్పాడు.

గార్‌సైడ్ పరుగున వచ్చి చెప్పినదంతా కర్నల్ విన్నాడు.

"ఉచ్చారణ నేర్చుకుంటున్నాడా?"

"అంతే సార్. కావాలని ఏదీ ఇవ్వడం లేదు. తెలియకుండా ఆమే లాగుతోంది."

"మరి ద్రోహి అని మనకెందుకు చెప్పింది?"

గార్‌సైడ్‌కి అప్పుడు వెలిగింది. ద్రోహి అని ముద్రపడ్డవాడు హఠాత్తుగా చస్తే, గుట్టు రట్టయిందని విషం తాగాడనుకుంటారు. మనిషితోపాటు బిల్లూ పోతుంది.

వాళ్లు వెళ్లేసరికి ఈలోనా ఇల్లు ఖాళీ. మెట్లు కడుగుతున్న పనిమనిషి చెప్పింది: అమ్మగారు పెట్టెలతో వెళ్లిపోయారు, పొద్దున వచ్చిన పెద్దాయనకి గొంతు బిళ్లల డబ్బీ ఇచ్చి, మాట్లాడబోయే ముందు ఒకటి చప్పరించమన్నారు.

గార్‌సైడ్ పార్లమెంటు చేరేసరికి స్పీకర్ హెప్‌వర్త్ పేరు పిలుస్తున్నాడు. కాపలావాళ్లను తోసుకుని పక్క బాల్కనీలోకి దూరాడు. సరిగ్గా కింద హెప్‌వర్త్ డబ్బీ మూత తీసి, బిళ్లను నోటి దగ్గరకు తెచ్చాడు. సభంతా కేకలు; అరిచినా ఆ గోలలో వినపడదు. గార్‌సైడ్ తన గట్టి టోపీ తీసి బలంగా విసిరాడు. అది హెప్‌వర్త్ మణికట్టుకు తగిలింది. బిళ్లలన్నీ నేలపాలయ్యాయి. కాపలావాళ్లు గార్‌సైడ్‌ని కాళ్లూ చేతులూ పట్టి ఈడ్చుకుపోయారు.

బిత్తరపోయిన హెప్‌వర్త్ నేర్చుకున్నదంతా మరిచిపోయాడు. గనుల్లో కూలీలతో మాట్లాడిన యాసలోనే మాట్లాడాడు. మొదట నవ్వారు. ఓడల్లో చావబోయేది ఎవరి పిల్లలో అతను చెబుతుంటే నవ్వు ఆగిపోయింది. బిల్లు స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. సాయంత్రం హార్విచ్ రేవులో నర్సు వేషంలో ఓడెక్కబోతూ ఈలోనా పట్టుబడింది.

గార్‌సైడ్‌ని బంధించిన గదికి కర్నల్ స్వయంగా వచ్చాడు. బిళ్లల్లో విషం ఉన్నమాట నిజమేనన్నాడు. శాఖకు ఇతనెవరో తెలియదని పోలీసులకు చెప్పక తప్పలేదని కూడా అన్నాడు.

"నా తర్వాతి పని ఏమిటి సార్?"

"కెనడాలో ఏదైనా చూస్తాను," అన్నాడు కర్నల్ చుట్ట వెలిగించుకుంటూ. "గూఢచారి అన్నవాడు ఎవరి కంటా పడకూడదయ్యా. నిన్ను పార్లమెంటు మొత్తం చూసింది."