దస్తీ వేసిన సీటు

జహీరాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో గురులింగప్ప పేరు ఎత్తి చూడండి. గల్లా మీద కూర్చున్నాయన ముందు నవ్వుతాడు, తర్వాత తిడతాడు, ఆ తర్వాత మీకు కుర్చీ లాగి కథ మొదలుపెడతాడు. ఎందుకంటే ఇప్పటిదాకా వచ్చిన హంతకుల సినిమాల్లోనే కాదు, ఇంకా తీయబోయే వాటిలో కూడా గురులింగప్ప పట్టుకోలేని దొంగ లేడు. ఇంటర్వెల్‌కు లైట్లు వెలగ్గానే పంచె సర్దుకుని లేచేవాడు. "గా కంపౌండరే చంపిండు, రాసుకోండ్రి!" అని హాలు అదిరేటట్టు చెప్పేవాడు. సగం జనం చేతిలో సమోసా చేతిలోనే పెట్టుకుని ఇంటికి పోయేవారు. మిగిలిన సగం ఆయన్ని తన్నడానికి ఆగేవారు. ఆఖర్న కంపౌండర్ చేతులకు బేడీలు పడేసరికి, తన్నడానికి ఆగినవాళ్లే భుజాల మీద ఎత్తుకుని చిరాగ్‌పల్లి దాకా ఊరేగించారట. చిరాగ్‌పల్లి కాదు, సందు మలుపు దాకా అంటుంది ఆయన భార్య. దూరం సంగతి వదిలేయండి, ఊరేగింపు మాత్రం నిజం.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యేసరికి సినిమాలు ఫోన్లోకి వచ్చేశాయి. హంతకులూ వాటి వెంటే వచ్చారు. డిగ్రీ చదువుతున్న మనవరాలు రుచిత, తాత నోరు వట్టిగా పోతోందని ఒక చానల్ పెట్టింది. సినిమా చూసి తాత తన అభిప్రాయం చెబుతాడు, ఆమె తీస్తుంది. రాయికోడ్ నుంచి రష్యా దాకా జనం చూస్తున్నారని ఆయన లెక్క. ఝరాసంగం నుంచి ఆటో కట్టుకుని వచ్చి కాళ్లకు మొక్కినవాళ్లు కూడా ఉన్నారట. ఆ ఆటోలో అసలు ఏ పని మీద వచ్చారో మనం అడగకూడదు.

ఆ చానల్ కోసమే, చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండా తిరిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం తాతా మనవరాలూ మూతపడ్డ పాత టాకీసుకు వెళ్లారు. దాన్ని ఫంక్షన్ హాలుగా మారుస్తున్నారు. తెర పీకేయకముందే దాని ముందు తాతను కూర్చోబెట్టి ఒక వీడియో తీయాలని రుచిత పట్టుబట్టింది.

ఒకప్పుడు అక్కడే టికెట్లు చింపిన సాల్మన్ ఇప్పుడు కాపలా ఉంటున్నాడు. తాళం తీస్తూ నవ్వాడు.

"ఏమప్పా, ఖాళీ తెర మీద గూడ దొంగను పడ్తవా?"

"తెర అవసరం లేదురా సాల్మన్. గోడ చూపెట్టు, గోడ మీది హంతకుణ్ణి చెప్త."

"చెప్పు చెప్పు. నేను గీడనే చాయ్ తాగొస్త. తలుపు జర గుంజి పెట్టుకోండ్రి, కుక్కలు జొర్రుతయ్."

లోపల చల్లగా ఉంది. గబ్బిలాల వాసన, తడిసి ఆరిన కొబ్బరి పీచు వాసన, వాటి కింద ఎప్పటిదో బీడీ వాసన. తలుపులోంచి పడ్డ ఎండ నాలుగు వరసల దాకా వచ్చి ఆగిపోయింది. అవతల సీట్లన్నీ అడుగు పలకలు పైకి మడుచుకుని, నోళ్లు మూసుకున్నట్టు వరసగా ఉన్నాయి. తెర మధ్యలో చిరిగి కిందికి వేలాడుతోంది. బయట హైవే మీద లారీల హారన్లు, తలుపు దాటాక, ఎక్కడో పక్క ఊళ్లో మోగినట్టు వినిపిస్తున్నాయి.

గురులింగప్ప నడిమి వరసలో ఒక సీటు కిందికి వంచి కూర్చున్నాడు. కూర్చుంటూనే జేబులోని దస్తీ తీసి, దులిపి, పక్క సీటు వంచి దాని మీద పరిచాడు.

రుచిత పకపకా నవ్వింది. "ఎవరొస్తరు తాతా? ఖాళీ హాల్ల జాగ పడ్తున్నవ్?"

"నీకేనే. ఒక్కసారి దస్తీ ఏసినంక గా సీటు మన మనిషిదే. కలెక్టరొచ్చినా లేపలేడు."

నలభై ఏళ్ల అలవాటు. బస్సు కిటికీలోంచైనా, టాకీసు మెట్ల మీది నుంచైనా, దస్తీ ముందు పడుతుంది, మనిషి తర్వాత వస్తాడు. ఆ చెయ్యి చేసే పనికి ఆయన అనుమతి కూడా అడగదు.

రుచిత ఫోన్ను స్టాండుకు బిగించి, దాని చిన్న లైటు తాత మొహం మీదికి తిప్పింది. గురులింగప్ప గొంతు సవరించుకున్నాడు.

"జమానా మారింది తమ్మీ! ఇప్పటి షోలు ఎనిమిది ముక్కలు జేస్తున్రు. కథ మూడు ముక్కలకే అయిపోతది. మిగిలిన ఐదు ముక్కల పోలీసాయన వాన దిక్కు చూస్కుంట సిగరెట్ తాగుతడు. హంతకుణ్ణి పట్టుడు పెద్ద పనే గాదు. సావుకాడ అందరికంటే గట్టిగ ఏడ్చినోణ్ణి పట్టుకో, పది సినిమాల్ల తొమ్మిదింట వాడే. ఇంగ దయ్యాల సినిమాలంటవా... నాకు దయ్యం మీద కోపం లేదు. గా చీకటింట్లకు పోయి 'ఎవరది' అని అడిగేటోని మీదనే కోపం. అరే, దయ్యం ఆధార్ కార్డు తీసి చూపిస్తదా? ఒకటి జెప్త వినుండ్రి. లోపల జిక్కినోడు మొత్తుకోవద్దు. వాడు మొత్తుకుంటడు, బయటున్న పిల్ల ఉరికొస్తది, ఇద్దరూ సస్తరు. వాడు నోరు మూసుకుంటే సినిమా సగంలనే..."

లైటు ఆరిపోయింది.

"అయ్యో, చార్జింగ్ ఒడిసింది. స్కూటీ డిక్కీల పవర్ బ్యాంకు ఉంది, తెస్త. ఎటూ పోకు తాతా."

"పోనీకి ఏమున్నదే? నువ్వు గూడ తలుపు గుంజి పో, కుక్కలొస్తయ్."

తలుపు మూసుకుంది. ఎండ చాప చుట్టినట్టు వెనక్కి పోయి, గీతగా మారి, ఆరిపోయింది.

కళ్లు అలవాటు పడతాయని ఆయన కాసేపు చూశాడు. పడలేదు. చెయ్యి మొహం ముందు ఆడించినా కనబడలేదు. భయమా? ఆయనకా? బీదర్ అడవి రోడ్డులో చిరుతను విజిలేసి వెళ్లగొట్టిన కండక్టరు ఆయన. ఊరికే, కాళ్లు సాగదీయడానికని లేచి, సీట్ల వీపులు తడుముకుంటూ తలుపు దాకా వెళ్లి తోశాడు.

కదల్లేదు.

లాగాడు. తలుపు గోడలాగా ఉంది. గడియ కోసం పైకీ కిందికీ తడిమాడు. నున్నటి చెక్క తప్ప చేతికి ఏమీ తగల్లేదు.

వెనక ఎక్కడో, ఒక సీటు పలక కిందికి పడింది.

టప్.

ఎలుక అనుకున్నాడు. ఎలుక బరువుకు పలక వంగదని ఆయనకు తెలుసు. కాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత, ఆలస్యమైనవాళ్లు హడావిడిగా వచ్చి కూర్చున్నట్టు... టప్, టప్, టప్... ముందు వరసల నుంచి వెనక వరసల దాకా. గబ్బిలాల వాసన పోయింది. వేయించిన పల్లీల వాసన వచ్చింది. నూనె పెట్టిన తలల వాసన, మల్లెపూల వాసన, చెమట వాసన. నిండిన హాలు వాసన.

గురులింగప్ప తలుపు కొట్టడానికి పిడికిలి ఎత్తాడు.

"గిప్పుడు తలుపు కొడ్తడు చూడు," అని ఎవరో గుసగుసలాడారు.

పిడికిలి గాలిలోనే ఆగింది.

"కొట్టడు. ఇజ్జత్ అడ్డమొస్తది," అంది ఇంకో గొంతు. ఎవరో పల్లికాయ పటుక్కున విరిచారు.

ఆయన చెయ్యి దించాడు. ఏ మాట అనకూడదని జన్మంతా చెప్పాడో, సరిగ్గా ఆ మాటే నోట్లోంచి జారింది.

"ఎవ... ఎవరది?"

హాలంతా కిసకిసమంది.

"అడిగిండు! నేను జెప్పలే?"

"అందరూ గదే అడుగుతరు."

ఆ మాటల్లో కోపం లేదు, పగ లేదు. అదే ఎక్కువ భయం పుట్టించింది. కాలు మీద కాలేసుకుని, తెర మీద చావబోయేవాడి గురించి తీరిగ్గా మాట్లాడే గొంతులవి. ఆ తీరిక ఆయనకు బాగా తెలుసు. ఆయన చూపు తనకు తెలియకుండానే తెర దిక్కు తిరిగింది. ఏమీ కనబడలేదు. వాళ్లు చూస్తున్నది తెరను కాదు.

"ఈన గాదు అసలు మనిషి," అంది ఒక ఆడగొంతు, చాలా దగ్గర్నుంచి. "ముసలోనితోని కథ ఏం నడుస్తది? పిల్ల వస్తది."

"వస్తదంటవా?"

"రాదా మరి? జాగ పట్టి పెట్టిండు గద."

గురులింగప్పకు అప్పుడు గుర్తొచ్చింది. దస్తీ. ఇంత నిండిన హాల్లో ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద రుచిత పేరున ఆయనే, తన చేత్తో...

"తాతా!" తలుపు అవతల రుచిత గొంతు. తలుపు చప్పుడైంది. "లోపలికెంచి గడియెందుకు పెట్టుకున్నవ్? తియ్యి!"

ఆయన నోరు తెరిచాడు. మొత్తుకుంటే ఉరికొస్తుంది. రావద్దంటే ఏమైందోనని ఇంకా ఉరికొస్తుంది. ఊరుకుంటే తాత పడిపోయాడని వస్తుంది. ఏ సినిమాలోనూ ఆయన ఈ లెక్క చెయ్యలేదు. నోరు మూసుకుంటే చాలన్నాడు. ఎంత సులువుగా అన్నాడు!

"ఏం జేసినా వస్తది," అని వెనక ఎవరో ఓదార్పుగా అన్నారు.

"తాతా, పలకవేంది? ఆగు, ఆడోళ్ల గేటు దిక్కు నుంచి వస్త!" చెప్పుల చప్పుడు గోడ పక్కగా పరుగెత్తింది.

గురులింగప్ప వెనక్కి తిరిగాడు. వరసలోకి దూరాడు. సీట్ల వీపులు పట్టుకుందామని చేతులు చాపితే... భుజాలు తగిలాయి. వెచ్చని భుజాలు. మోకాళ్లకు మోకాళ్లు తగిలాయి.

"జర సూస్కొని పోవయ్యా," అని ఒకాయన విసుక్కుని కాళ్లు పక్కకు తీసుకున్నాడు.

ఒక గాజుల చెయ్యి ఆయన నడుం పట్టి, పడిపోకుండా ముందుకు నెట్టింది. ఆ చెయ్యి తడిగా ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి తడుముకుంటూ పోయాడు. ఒక ఒడి, ఇంకో ఒడి, ఇంకో ఒడి... ఖాళీ సీటు. దస్తీ చేతికి దొరికింది. లాగాడు. రాలేదు. అవతలి కొస ఎవరో పట్టుకున్నారు.

"ఒక్కసారి ఏసినంక మన మనిషిదే," అంది అవతలి కొస దగ్గరి గొంతు మర్యాదగా. "నువ్వే గద అన్నవ్."

కుడివైపు గోడలో ఆడవాళ్ల గేటు కిర్రుమంది. సన్నటి వెలుగు గీత పడింది. తుప్పు పట్టిన తలుపును భుజంతో తోస్తున్న రుచిత ఆయాసం వినిపించింది. ఆ గీతలో ఆయనకు తలలు కనిపించాయి. వరసలు వరసలుగా... అన్నీ గేటు దిక్కు తిరుగుతున్నాయి.

అప్పుడు గురులింగప్ప తన జన్మలో ఏ పని అందరికంటే బాగా చేశాడో ఆ పని చేశాడు. పంచె సర్దుకున్నాడు. గుండె నిండా గాలి పీల్చాడు.

"ఇంటర్వెల్!" అని అరిచాడు. సగం హాళ్లు ఖాళీ చేసిన గొంతు అది. "కథ నేను జెప్త వినుండ్రి! ముసలోడు బయటికి పోతడు. పిల్ల లోపలికి రాదు. ఎవ్వడూ సావడు. గింతే! ఇంగ సూసేది ఏం లేదు!"

ఎవరో "ఛీ" అన్నారు. దస్తీ అవతలి కొస వదులైంది. ఒక సీటు పలక పైకి లేచింది, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత రేకుల మీద వడగళ్లు పడ్డట్టు హాలంతా టపటపటపా లేచింది. ముందు తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంది. ఎండ లోపలికి దూకింది.

"రుచితా! గేటు ఇడ్సిపెట్టు! రోడ్డు మీదికి పో, నేనే వస్తున్న!"

"సరే తాతా!" అంది ఆమె అవతల్నుంచి. గేటు మూసుకుంది.

గురులింగప్ప తలుపు దిక్కు నడిచాడు. మీసం అప్పుడే లేచింది. మనుషుల హాళ్లు ఎవడైనా ఖాళీ చేస్తాడు. ఈ హాలు ఖాళీ చేసిన మొనగాడు బొంబాయి దాకా వెతికినా దొరుకుతాడా? రేపు చాయ్ హోటల్లో ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు. గడప మీద కాలు పెట్టాడు. ఎండ మొహానికి తగిలింది. బెల్లం, డీజిలు కలిసిన రోడ్డు వాసన వచ్చింది.

వీపుకు ఏదో తగిలింది. మెల్లగా. గుంపులో ముందున్నవాడికి వెనకవాడి పొట్ట తగిలినట్టు.

"జర జరుగుర్రి," అంది వెనక గొంతు. "ఆట అయిపాయె గద. ఇండ్లకు పోవాలె."

ఆయన రెండు చేతులు వాటంతటవే రెండు వైపులా చాచుకుని తలుపు చట్రాన్ని పట్టుకున్నాయి. ముగింపు చెప్పేస్తే జనం ఏం చేస్తారో ఆయన కంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? లేచి బయటికి వస్తారు. ఇన్నాళ్లూ లోపల కూర్చున్నవాళ్లను... లేపింది ఆయనే.

వీపు మీద బరువు పెరిగింది. ఒత్తిడి కాదు, ఓపిక. ఒకరి వెనక ఒకరు, తెర దాకా. వేళ్లు చట్రంలోకి దిగబడ్డాయి. వెనక్కి పోలేడు. ముందుకు కదిలితే దారి ఇచ్చినట్టే. ఎంతసేపు పట్టుకోగలడు? సాల్మన్ ఇంకా రాలేదు.

రోడ్డు అవతల, స్కూటీ పక్కన రుచిత నిలబడి ఉంది. ఆమెను రావద్దని అరవడానికి ఊపిరి తీసుకున్నాడు. మధ్యలోంచి చెరుకు ట్రాక్టరు పోయింది. ట్రాక్టరు దాటేసరికి ఆమె సగం రోడ్డు దాటేసింది.

"తాతా, తలుపుకు అడ్డం నిలబడ్డవేంది?" అంది నవ్వుతూ. "ఎన్క అంతమంది ఆగిన్రు, కనబడ్తలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

రుచిత ఆయన్ని చూడటం లేదు. ఆయన భుజం మీది నుంచి లోపలికి చూస్తోంది. ఇంట్లో దండ వేసిన ఫోటోలో రోజూ చూసే మొహం కనబడ్డట్టు ఆమె కళ్లు వెడల్పయ్యాయి. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

"నమస్తే," అంది. "మీరెప్పుడొచ్చిన్రు?"