తలెత్తకూడని ఉద్యోగం

"ముందు దానికి పళ్ళు పీకించండి."

సైట్‌లో అడుగుపెడుతూనే ఆమె అన్న మాట అది. సైట్ ఇంజనీరు నోటిదాకా వెళ్ళిన టీ కప్పు అక్కడే ఆగిపోయింది.

"ఎవరికి మేడం?"

"ఆ పొక్లెయిన్‌కి. బకెట్ అంచున ఇనప పళ్ళున్నాయి చూడండి. వాటితో గీరితే కింద ఏమున్నా ముక్కలు చెక్కలైపోతుంది. నున్నటి అంచున్న బకెట్ తగిలించండి."

దుమ్ము కొట్టుకుపోయిన క్యాబిన్ అద్దం వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "పళ్ళు పీకేస్తే పాపం, ఎలా నములుతుందండీ?"

"నమలక్కర్లేదు. నాకితే చాలు," అందామె తల తిప్పకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆ గొంతు మాత్రం "సరేనండీ" అంది బుద్ధిగా. మధ్యాహ్నానికి బకెట్ మారింది.

ఆమె పురావస్తు శాఖ మనిషి. ప్రభుత్వం రోడ్డు వేసినా, తాగునీటి పైపు వేసినా, నేల తవ్వేచోట ఇలాంటి మనిషి ఒకరు నిలబడాలి. మిషన్ తవ్వుతున్నంతసేపూ గుంటలోకి చూస్తూ ఉండాలి. పాత గోడో కుండో కనబడితే చెయ్యెత్తి పని ఆపించాలి. వినడానికి హాయిగానే ఉంటుంది, నిలబడి మట్టి చూడటమేగా అనిపిస్తుంది. కానీ ఒక్కసారి రెప్ప వాల్చి తెరిచేలోపు బకెట్ నాలుగు తరాలు కిందకి దిగిపోతుంది. అలా దిగిపోయినదాన్ని మళ్ళీ పైకి తెచ్చే మిషన్ ఎవరూ కనిపెట్టలేదు.

ఆమెకి పై అధికారి ఒకావిడ ఉన్నారు. అందరూ పెద్ద మేడం అంటారు. ఆవిడ ఈ తాగునీటి పైపులైను సైట్ అప్పగిస్తూ ఒకే ఒక్క మాట చెప్పారు. "మిషన్ కదులుతున్నంతసేపూ నీ కళ్ళు గుంటలోనే ఉండాలి. తలెత్తిన రోజున తట్టాబుట్టా సర్దుకో."

ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళ వెనక బ్రష్షులూ బుట్టలూ మోసిన మనిషికి మొదటిసారి సొంతంగా దొరికిన సైట్ ఇది. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరక్కపోదు. కానీ ఆమెకి ఇంకోటి అక్కర్లేదు. చిన్నప్పుడు పెరట్లో పాత గాజుముక్క దొరికితే ఇల్లంతా తిరిగి "ఇదెవరిది?" అని అడిగిన పిల్ల, ఇప్పటికీ అదే అడుగుతోంది.

ఇక పొక్లెయిన్ ఆపరేటర్‌కీ ఒక నియమం ఉంది. అతని కళ్ళు ఆమె చేతిమీద ఉండాలి. పిడికిలి ఎత్తితే ఆపాలి. అరచెయ్యి బల్లపరుపుగా ఊపితే నెమ్మదిగా దువ్వాలి. ఆమె తల పక్కకి తిరిగిందంటే, సైగ ఉన్నా లేకపోయినా, మిషన్ ఆగిపోవాలి.

అంటే రోజంతా అతను ఆమెనే చూడాలి. ఆమె ఒక్కసారి కూడా అతన్ని చూడకూడదు. ఇంత అన్యాయమైన ఏర్పాటు ప్రభుత్వ పనుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

మాటిమాటికీ పని ఆపిస్తుందని పనివాళ్ళు ఆమెకి 'ఆగమ్మ' అని పేరు పెట్టారు. అలిగే తీరిక కూడా ఆమెకి లేదు. మిషన్ ఆగగానే తాపీ పట్టుకుని గుంటలోకి దూకేది. ఆమె పైకొచ్చేసరికి అందరూ టీ దగ్గర ఉండేవారు. అందరికీ అదే నారింజ రంగు జాకెట్టు, అదే పసుపు హెల్మెట్. వాళ్ళలో ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలిసేది కాదు. అడిగితే తెలుస్తుంది. అడిగితే సాయంత్రానికి సైటంతా తెలుస్తుంది. అందుకని అడగలేదు.

ఒకరోజు డీజిల్ కోసం ఇంజన్ ఆపారు. ఆమె గుంటలో కూర్చుని తాపీతో మట్టిగోడ నున్నగా గీస్తోంది. పైనుంచి ఆ గొంతు.

"ఏమండీ, ఒకటడగనా?"

"అడగండి."

"రోజూ చూస్తున్నాను. అంత కన్నార్పకుండా ఏం చూస్తారండీ అందులో? నాకైతే మట్టే కనబడుతుంది."

"మట్టి రంగు చూస్తాను. ఇదిగో, ఇక్కడంతా పసుపు. మధ్యలో గుండ్రంగా నలుపు. ఎప్పుడో ఎవరో ఇక్కడ గుంట తీసి గుంజ పాతారు. గుంజ కుళ్ళిపోయింది, గుంట పూడిపోయింది. కానీ ఒకసారి మనిషి తవ్విన మట్టి మళ్ళీ మొదటిలా అవదు."

"ఎన్నాళ్ళైనా?"

"ఎన్నాళ్ళైనా."

ఆ గొంతు సందేహంగా అడిగింది, "అయితే నేను తవ్వినవి కూడా అలా ఉండిపోతాయా అండీ?"

"ఎందుకుండవు? ఎప్పుడో ఎవరో వచ్చి, ఇంత చక్కగా ఎవరు తవ్వారబ్బా అని మీ గురించి ఆలోచిస్తారు."

"నా గురించా!"

ఆ రెండు మాటల్లో ఎంత ఆశ్చర్యం ఉందంటే, ఆమె తాపీ పక్కన పెట్టి తలెత్తింది. ఎదురెండలో ఒక నల్లటి ఆకారం, దానిమీద హెల్మెట్. అంతలో డీజిల్ బండి హారన్ కొట్టింది. ఆకారం మాయమైపోయింది.

మర్నాటి నుంచి బకెట్ మట్టిని గీరడం మానేసి దువ్వడం మొదలుపెట్టింది. తల్లి పిల్ల జుట్టు చిక్కు తీసినంత ఓపికగా తీసేది. ఆమె అరచెయ్యి ఇంకా సగం లేవకముందే నెమ్మదించేది. రాయి తగిలితే ఆగి, ఆమె చూసేదాకా ఎదురుచూసేది. ఆమెకి బకెట్ మూడ్ తెలిసిపోయేది, ఇవాళ కులాసాగా ఉంది, ఇవాళ తలనొప్పిగా ఉంది అని. మనిషి ముఖం చూడకుండానే మనిషి మీద దిగులు పెట్టుకోవచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఇంట్లో ఈ సంగతి మొదట కనిపెట్టింది వదిన. అన్నయ్య ఇంట్లో లేని వేళ చూసి నిలదీసింది.

"ఎవరే ఆ అబ్బాయి?"

"ఏ అబ్బాయి?"

"అన్నం తింటూ గోడని చూసి నవ్వుతున్నావు చూడు, ఆ అబ్బాయి."

దాచి లాభం లేదని చెప్పేసింది. వదిన బట్టలు మడతపెడుతున్నదల్లా దగ్గరికి జరిగింది. "ఎలా ఉంటాడు?"

"తెలీదు వదినా. చూళ్ళేదు."

"రోజూ పక్కనే పనిచేస్తూ చూడకపోవడమేమిటే!"

"నేను చూసేది బకెట్‌నే. బకెట్ చాలా మంచిది."

వదిన నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "బాగుంది. మీ అన్నయ్యకి ఏమని చెప్పను? రాబోయే బావగారు పసుపురంగులో ఉంటారు, డీజిల్ తాగుతారు అని చెప్పనా?"

"పో వదినా!"

"ఒక్కసారి తలెత్తి చూడవే తల్లీ. మట్టి ఎక్కడికి పోతుంది?"

మట్టి ఎంత తొందరగా పోతుందో ఆమెకి తెలుసు. అయినా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పైగా పైపులైను చివరికొచ్చేసింది. ఇంకొన్నాళ్ళైతే అతను ఒక దారి, ఆమె ఒక దారి.

ఆ రోజు మబ్బు పట్టింది. గుంట మలుపు తిరిగేచోట తవ్వుతుండగా చినుకులు మొదలయ్యాయి. వానలో తవ్వకూడదు. తడిసిన మట్టిలో రంగులన్నీ ఒకటైపోతాయి. ఆమె పిడికిలి ఎత్తాల్సింది. ఎత్తబోతుంటే, క్యాబిన్ అద్దం మీద ఇన్నాళ్ళ దుమ్ము చారలు చారలుగా జారిపోతూ కంటికొసకి తగిలింది.

ఆమె తలెత్తింది.

కడిగిన అద్దం వెనక ఒక ముఖం. చామనఛాయ, చెదిరిన జుట్టు, కొద్దిగా తెరుచుకున్న నోరు. అందగాడని చెప్పడానికి లేదు. కానీ బకెట్‌లో రోజూ చూసిన నెమ్మది, ఆ ఓపిక, అన్నీ ఆ కళ్ళల్లో ఉన్నాయి. అతనూ ఆమెనే చూస్తున్నాడు, వాన పడుతోందన్న సంగతి కూడా మర్చిపోయి.

గుంటలో టప్పుమంది.

ఇంజన్ ఆగింది. ఆమె ఒక్క దూకులో కిందకి దిగింది. బకెట్ అంచు కింద కాల్చిన మట్టి గొట్టం ఒకటి పగిలి ఉంది. దానికి అటూ ఇటూ, ఒకదాని నోట్లో ఇంకోటి దూర్చినట్టు, మరిన్ని గొట్టాలు మట్టిలోకి వెళ్ళిపోతున్నాయి. అదీ నీళ్ళ పైపులైనే. ఎప్పటివాళ్ళో, నీళ్ళు పల్లానికి పారడానికి ఇదే దారి బాగుంటుందని చూసుకుని వేసుకున్నారు. ఇప్పుడు వీళ్ళూ అదే దారి ఎంచుకున్నారు.

ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. పగిలిన ముక్క చేతిలోకి తీసుకోగానే ఏడుపొచ్చింది.

"ఏమండీ, నేను..." అంటూ అతను గుంట అంచున నిలబడ్డాడు.

"మీరేం మాట్లాడకండి," అంది. వానలో నిలబడే పెద్ద మేడంకి తనే ఫోన్ చేసింది.

పెద్ద మేడం వచ్చారు. సైట్ ఆఫీసంటే ఒక రేకుల గది. బల్లమీద పగిలిన ముక్కలు పరిచి ఉన్నాయి. ఒకపక్క ఇంజనీరు, ఒకపక్క ఆమె, తలుపు దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని అతను. రేకుల మీద వాన దబదబా కొడుతోంది.

"ఎలా జరిగింది?" అన్నారు పెద్ద మేడం.

ఆమె నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "తప్పు నాదండీ. ఆవిడ పిడికిలి ఎత్తారు. నేనే చూసుకోలేదు."

ఆమెకి ఊపిరాడినట్టయింది. ఈ ఒక్క అబద్ధానికి తలూపితే చాలు. ఉద్యోగం ఉంటుంది, సైట్ ఉంటుంది. అతనికి వేరే సైట్‌లో పని ఎలాగూ దొరుకుతుంది. ఊరుకుంటే సరిపోతుంది. కానీ మట్టి ఏది చెబితే అదే చెప్పాలని నేర్చుకున్న మనిషి, తన విషయం వచ్చేసరికి ఎలా ఊరుకుంటుంది?

"కాదు మేడం," అంది. "నేను చెయ్యి ఎత్తలేదు. అసలు గుంట వైపు చూడనేలేదు."

"మరి ఎటు చూస్తున్నావు?"

ఆమె తలుపు వైపు చెయ్యి చూపించింది. "ఈయన వైపు."

ఇంజనీరుకి టీ పొలమారింది.

"ఎందుకు?"

"ఇన్నాళ్ళుగా కలిసి పనిచేశాం మేడం. ఎలా ఉంటారో చూడాలనిపించింది. చాలా చూడాలనిపించింది."

పెద్ద మేడం కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. అతని వైపు తిరిగారు. "ఆమె తల తిప్పితే మిషన్ ఆపాలని నీకు చెప్పారా లేదా?"

"చెప్పారండీ."

"ఇన్నాళ్ళలో ఎప్పుడైనా తప్పావా?"

"లేదండీ."

"మరి ఇవాళ ఎందుకు ఆపలేదు?"

అతను హెల్మెట్‌ని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "ఆవిడ నన్ను చూశారండీ," అన్నాడు.

చెప్పాల్సింది అంతేనని గదిలో అందరికీ అర్థమైంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఇంజనీరు కిటికీలోంచి వానని చూడటం మొదలుపెట్టాడు.

"మీరిద్దరూ ఒకే గుంట దగ్గర పనికిరారు," అన్నారు పెద్ద మేడం చివరికి. "అబ్బాయ్, నువ్వు రేపటి నుంచి అవతలి లైనుకి వెళ్ళు. ఇక్కడ మిషన్ దగ్గర గుంట చూడటానికి ఇంకొకరిని పెడతాను. కొత్త పైపు ఈ పాత పైపుకి దూరంగా పక్కనుంచి వెళ్తుంది." ఆమె వైపు చూశారు. "అబద్ధానికి తలూపి ఉంటే ఈపాటికి నీ సామాను గేటు బయట ఉండేది. మిగతా గొట్టాలన్నీ నువ్వే చేత్తో తవ్వి బయటికి తియ్యి. పగిలినదాన్ని నువ్వే అతికించు. మిషన్ పని మళ్ళీ ఎప్పుడిస్తానో నీ పని చూశాక చెప్తాను."

అవతలి లైనులో రోజూ సాయంత్రానికి పని అయిపోయేది. అది అవగానే అతను ఇటు వచ్చేవాడు. మొదటిరోజు క్షమాపణ చెప్పడానికి వచ్చానన్నాడు. రెండోరోజు అది సరిగ్గా చెప్పలేదేమోనన్నాడు. తర్వాత ఏ కారణమూ చెప్పలేదు. వదిన ఒకసారి దారిలో కలిసినట్టు నటిస్తూ వచ్చి అతన్ని ఆపాదమస్తకం చూసి, "మీ అన్నయ్య సంగతి నాకొదిలెయ్" అని ఆమె చెవిలో ఊది వెళ్ళింది. అన్నయ్య వారంపాటు గుర్రుమని, ఆ తర్వాత "ఆదివారం భోజనానికి రమ్మను" అన్నాడు.

ఒక సాయంత్రం ఆ రేకుల గదిలో గొట్టం ఆఖరి ముక్క అతికిస్తున్నారు. జిగురు రాశాక, అది ఆరేదాకా రెండు ముక్కలనీ కదలకుండా నొక్కి పట్టుకోవాలి. ఇటునుంచి ఆమె, అటునుంచి అతను. చేతులు కదపకూడదు గానీ, కళ్ళు ఎటైనా చూడొచ్చు. ఆమె తనివితీరా చూసింది.

"మీరిప్పుడు కదిలితే ఇది విరిగిపోతుంది," అంది.

"కదలనండీ."

"పారిపోవడానికి కూడా వీల్లేదు."

"లేదండీ."

"అయితే అడుగుతాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అతని ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. చేతులు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. "కదలకుండా ఎలా ఒప్పుకోవాలండీ?"

"నోటితో."

"చేసుకుంటానండీ. మీరు అడగకపోతే ఆదివారం నేనే అడుగుదామని, ఎలా అడగాలో రోజూ క్యాబిన్‌లో ప్రాక్టీసు చేస్తున్నాను."

"ఏదీ, అడగండి మరి. వింటాను."

అతను అడిగాడు. తడబడ్డాడు. మళ్ళీ మొదట్నుంచి అడిగాడు. ఆమె నవ్వాపుకుంటూ, చేతులు కదపకుండా, సరేనంది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పెద్ద మేడం ఎప్పుడొచ్చారో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఆ జిగురు ఆరిపోయి చాలాసేపయింది," అన్నారు. "ఇక వదిలెయ్యొచ్చు."

ఇద్దరిలో ఒక్కరూ వదల్లేదు.