మఖమల్ చెయ్యి

ఆ వీధి చివరి పాడింట్లో దెయ్యం కొట్టదు, అరవదు... నిమురుతుంది. అదీ దాని చెడ్డపేరు. చీకటిపడ్డాక ఆ వరండా ఎక్కినవాళ్ల మెడ మీద మెత్తటి చెయ్యి ఒకటి పడుతుందనీ, ఇల్లు చేరేలోపు ఒళ్లు మంటెత్తిపోతుందనీ చెప్పుకునేవారు.

ఎండాకు మాస్టారు నమ్మలేదు. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. ఎండబెట్టి అట్టలకి అతికించిన మొక్కల మధ్యే సగం జీవితం గడిపాడు గనక పిల్లలు ఆ పేరు పెట్టారు. ఈ కథ అందరికీ చెప్పిందీ ఆయనే. వినేవాళ్ల కంటే ముందు తనే నవ్వుతాడు.

అప్పట్లో ఆయన చిక్కుడు జాతి తీగల మీద వచ్చే ఒక పుస్తకానికి దూలగొండి అధ్యాయం రాశాడు. పొదల్లో, పాడుగోడల మీద, వాగుల ఒడ్డున అల్లుకుంటుంది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు. వంకర తిరిగిన కాయలు, వాటి నిండా బంగారు రంగు నూగు, తగిలితే దురద. అంతా బాగుంది. పూల రంగు దగ్గర మాత్రం కలం ఆగింది. అట్ట మీది పూలు ఎండి నల్లబడిపోయాయి. ప్రాణమున్న తీగని కళ్లారా చూస్తేనే అధ్యాయం ఉంటుందని, లేకపోతే తీసేస్తామని సంపాదకుడు తేల్చి చెప్పాడు.

“ఇంతకీ మీరు దాన్నెప్పుడైనా చూశారా?” అంది బట్టలు కుట్టే భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

“రాశాను కదా.”

“వంటల పుస్తకం చదివి కడుపు నిండిందన్నట్టుంది.”

మాస్టారికి రోషం వచ్చింది. సాయంత్రమంతా వాగు గట్టు వెంట వెతికాడు. తీగ దొరకలేదు గానీ వాన దొరికింది. పొద్దుగూకింది. తలదాచుకోడానికి కనిపించింది ఆ పాడిల్లే.

వరండా ఎక్కాడు. చీకటి... చూరు నీళ్ల చప్పుడు...

మెడ మీద ఏదో ఆనింది.

మెత్తగా, మఖమల్ గుడ్డలా.

ఆయన కదల్లేదు — ధైర్యం వల్ల కాదు, కాళ్లు మాట వినక. వృత్తి అలవాటు మాత్రం పోలేదు. తెలియని మొక్క చేతికొస్తే ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పేరు తేల్చే పద్ధతి ఒకటుంది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాడు. నూగుందా, లేదా? ఉంది. తిన్నగా ఉందా, వంకరా? వంకర... వేలంత పొడుగు. ఒంటరా, గుత్తా? పక్కన ఇంకోటి... దాని పక్కన ఇంకోటి... తర్వాతి ప్రశ్న వేయాల్సిన చోట—

“ఎవరు?” అన్నాడు.

జవాబుగా అది ఇంకోసారి నిమిరింది.

ఆ తర్వాత వాన ఒక అడ్డంకిగా తోచలేదు.

తన ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి మెడా, అరచెయ్యీ నిప్పులు.

“గోకకండి,” అంటూ భార్య తడిగుడ్డ తెచ్చింది. “ఏం తగిలింది?”

“దెయ్యమే. నూగుతో... వంకరగా...” అంటూ సగంలో ఆగాడు. అది తను రాసిన వాక్యమే. సిగ్గుతో ముందు నవ్వలేకపోయాడు, తర్వాత ఆపుకోలేకపోయాడు. “దూలగొండి కాయని పట్టుకుని ‘ఎవరు’ అనడిగానే.”

“‘ఎవరండీ’ అనాల్సింది. జవాబు చెప్పేదేమో.”

తెల్లారాక ఇద్దరూ వెళ్లారు. తీగ ఉంది. వరండా కప్పంతా అల్లుకుంది. మూడేసి ఆకులు, వాటి మధ్య నుంచి కిందికి వేలాడుతూ ముదురు ఊదా రంగు పూలగుత్తులు. అధ్యాయం బతికింది. మాస్టారు మురిసిపోతూ రంగు రాసుకున్నాడు.

“రాత్రి మిమ్మల్ని పలకరించిన కాయని కూడా చూపించండి,” అంది భార్య, ఆయన చెయ్యి పట్టుకుని మెట్టెక్కుతూ.

ఆయన తలెత్తి వెతికాడు. గుత్తి గుత్తీ కర్రతో పక్కకి జరిపి చూశాడు. రాత్రి నిలబడ్డ చోటే నిలబడి మళ్లీ చూశాడు. మొగ్గలు, అప్పుడప్పుడే విచ్చుకున్న పూలు... అంతే. కింద రాలిన కాయ కూడా లేదు.

“ఇంకా పూత మొదలే,” అన్నాడు నెమ్మదిగా. “కాయ పట్టడానికి చాలా రోజులు పడుతుంది.”

“మరి రాత్రి మీరు తడిమింది...”

ఆయన అరచేతి మీద దద్దుర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆవిడ వాటి వంక చూసింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది.