షాజాదీ కంచం

"గుడ్డు కోసి పులుసులో వేస్తే పచ్చసొన కరిగి కూరంతా పాడైపోద్దని చెప్తన్నానా, లేదా?"

"ఉడికేటప్పుడు వెయ్యను అత్తా. పొయ్యి మీద నుంచి దించాక దారంతో కోసి పైన పేరుస్తా. చెదరదు."

"ఇంట్లో ఉన్నదే అయిదుగురం. మనిషికో గుడ్డు వేసుకోలేకపోయామా? చుట్టాలెవరన్నా చూస్తే నవ్విపోతారు."

"మిల్లు ఆడే రోజుల్లో మనిషికొకటి వేశాంగా అత్తా. మళ్ళీ ఆడితే వేసుకుందాం."

ఆ మాటతో మస్తాన్‌బీ గొణుక్కుంటూ వెనక్కి తగ్గింది. చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న జిన్నింగు మిల్లుకు పత్తి లారీలు రావడం తగ్గిపోయింది. ఆమె కొడుకు బుడేకి వారంలో సగం రోజులు పనే ఉండటం లేదు. ఉన్నదాంతో కమ్మగా వండటం కోడలు షమీమ్‌కి బాగా తెలుసు. పులుసులో కాస్త బియ్యప్పిండి కలిపి చిక్కబరిచేది. సొరకాయ కూర వండిన పూట దాని తొక్కు పచ్చడయ్యేది. ఆమె వంటకు ఎవరూ వంక పెట్టలేదు.

రెండేళ్ళ కిందట షమీమ్ బుడేని పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. అప్పటికే బుడే మొదటి భార్య పోయింది. ఆమె కూతురు రిహానా ఇంటర్ చదువుతోంది. షమీమ్ మొదటి భర్తా పోయాడు. ఆరో తరగతి చదివే షాజాదీ వాళ్ళ కూతురు. పెళ్ళప్పుడు అందరూ రిహానా వైపే జాలిగా చూశారు. ఆ చూపులు షమీమ్ మనసులో ముల్లులా దిగాయి. అందుకే మొదటి రోజు నుంచీ మంచి ముక్క రిహానాకే వేసింది. "సవతి బిడ్డని ఇట్టా చూసుకునేదాన్ని నేనింతవరకు చూళ్ళేదమ్మా" అని వీధిలో వాళ్ళు అంటుంటే కడుపు నిండినట్టుండేది.

బుడే పని నుంచి రాగానే అందరూ చాప మీద కూర్చున్నారు. షమీమ్ గరిటె పట్టుకుంది. అత్తకు, భర్తకు వేశాక రిహానాకు రెండు ముక్కలు వేసింది. షాజాదీకి పులుసు పోసి, "నీకు పులుసంటేనే ఇష్టంగా" అంది. షాజాదీ తలూపింది.

అప్పుడే పక్కింటి నాగజ్యోతి గుమ్మంలోకి వచ్చింది.

"భోజనాల వేళకే వచ్చానా! షమీమ్, రేపు మిరపకాయల తొడిమలు తియ్యటానికి మనుషులు కావాలంట, వస్తావా?"

"వస్తానక్కా."

"అయితే పొద్దున్నే పిలుస్తా. ఏమే షాజాదీ, ఇంకా పడతందా నీ పొట్టలో?" అని పకపకా నవ్వింది నాగజ్యోతి. "బడి వదలగానే మా ఇంట్లోనే వాలుద్దండీ ఇది. ఇందాక కూడా పెట్టా. 'అన్నమేమన్నా ఉందా పెద్దమ్మా' అని అడుగుద్ది, పిచ్చిది. పచ్చడి మెతుకులైనా కళ్ళకద్దుకుని తింటది. చూస్తుంటే ముచ్చటేస్తది నాకు."

ఆమె మనసులో ఏమీ లేదు. నవ్వుకుంటూనే వెళ్ళిపోయింది. బుడే చెయ్యి మాత్రం కంచంలోనే ఆగిపోయింది.

"విన్నావా? మారుతండ్రి కూడు పెట్టట్లేదని రేపు బజారంతా చెప్పుకుంటారు! నా కొడుకు తలెక్కడ పెట్టుకోవాలి?" మస్తాన్‌బీ గొంతు లేచింది.

షమీమ్ చివాల్న కూతురి జబ్బ పట్టుకుంది. "పరాయి ఇంటికెళ్ళి అడుక్కుంటావా? సిగ్గులేదూ?"

"దాన్నేం అనొద్దు పిన్నీ." రిహానా కంచం ముందుకు నెట్టేసింది. "రోజూ నాకు ముక్కలు, దానికి పులుసు. మొన్న నా ముక్క దాని అన్నం కింద దాచిపెడితే, నువ్వు చూసి తీసి మళ్ళీ నా కంచంలోనే వేశావు. అదెట్టా చూసిందో నీకు తెలుసా? నువ్వు చూళ్ళేదు. నేను చూశా."

"నీకు తక్కువ చేశానని ఎవరూ అనకూడదనేగా అమ్మా..."

"నాకు తక్కువ చెయ్యలేదు పిన్నీ. దాని పొట్ట కొట్టి నాకు పెట్టావు. ఆ ముక్క నా గొంతు దిగుద్దా? కాలేజీలో కూర్చున్నా అదే గుర్తొస్తది నాకు."

షమీమ్‌కి మొదటి భర్త పోయాక అన్నయ్య ఇంట్లో తలదాచుకున్న రోజులు కళ్ళ ముందు మెదిలాయి. షాజాదీ రెండో ముక్కకు చెయ్యి చాపితే వదిన ముఖం మాడ్చుకునేది. ఆ చూపు తప్పించుకోవడానికి, చిన్నపిల్ల అని కూడా చూడకుండా ఆ చేతి మీద తనే కొట్టేది. ఇక్కడ అలా చూసేవాళ్ళెవరూ లేరు. అయినా తన చెయ్యి ఆ అలవాటు మానలేదు. పైగా ఇక్కడ దానికి మెప్పు కూడా దొరికింది. మంచి సవతి తల్లి అనిపించుకోవడానికి కన్నబిడ్డ ఆకలిని ఖర్చు పెట్టింది. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

బుడే నెమ్మదిగా అన్నాడు. "నిన్నొక్కదాన్నే తెచ్చుకున్నానా షమీమ్? దాన్ని కూడా నా బిడ్డనుకునే తెచ్చుకున్నా. నేను తెచ్చిందే నువ్వు దాన్ని తిననివ్వకపోతే, నేనేం తండ్రినే?" అంతలోనే తల దించుకున్నాడు. "నేనూ రోజూ పక్కనే కూర్చుని తింటన్నా. ఒక్కనాడు దాని కంచం వైపు చూడలా. తప్పు నాదీ ఉంది."

మస్తాన్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆకలేస్తే నన్నెందుకు అడగలేదే?" అంది షమీమ్.

షాజాదీ తల్లి ముఖంలోకి చూసి, చాలా చిన్నగా చెప్పింది. "అడిగితే నిన్ను అందరూ తిడతారనుకున్నానమ్మా."

షమీమ్ పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. రిహానా తన కంచంలోని ముక్క తీసి షాజాదీ అన్నం మీద, అందరికీ కనిపించేలా వేసింది. పిల్ల అలవాటు చొప్పున తల్లి చేతి వైపు చూసింది. ఆ చూపు తగలగానే షమీమ్ ఏడుపు ఆగిపోయింది.

ఆమె కళ్ళు తుడుచుకుని, గరిటె తిప్పి పట్టుకుని రిహానా ముందు పెట్టింది.

"ఇక నుంచి వంట నాది. వడ్డన రిహానాది," అంది మెల్లగా, అందరికీ వినపడేలా. "నాతో సహా అందరికీ తనే వేస్తుంది. నా చెయ్యి అడ్డం రాదు."

రిహానా గరిటె చేతిలోకి తీసుకుంది.