వేరేవాళ్ల పేరున్న గిన్నె

ఎర్రమెట్టలో ఆ రోజు తెల్లవారింది, ఎవరికి నచ్చినట్టు వాళ్లకి. సన్యాసిరావు కిటికీలో భీమిలి సముద్రం మీద సూర్యుడు పైకొచ్చాడు. వంద గజాల అవతల గవరమ్మ ఇంట్లో మబ్బు పట్టి సన్నగా వాన మొదలైంది. ఇంకో ఇంట్లో అరకు పొగమంచు. బయట మాత్రం అంగారక గ్రహం మీద ఎప్పుడూ ఉండే ఎర్రదుమ్మే, చలే. ఆ దుమ్ముతోనే కట్టిన ముప్పై తొమ్మిది ఇళ్లలో మనుషులు తాము కోరుకున్న చోట నిద్రలేచారు. 2131వ సంవత్సరంలో ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

అంతకు ముందు పదకొండేళ్లు వాళ్లు ఎలా నిద్రలేచారో తెలిస్తే ఈ వైభవం విలువ తెలుస్తుంది. నేల కింద తొలిచిన ఒకే ఒక్క సొరంగంలో అందరి కాపురమూ ఉండేది. దాని పేరు పొడుగిల్లు. మధ్యలో గోడలు లేవు, తెరలే. ఒకరు దగ్గితే పదిమందికి మెలకువ వచ్చేది. మొగుడూ పెళ్లాం గుసగుసగా పోట్లాడుకున్నా సరే, పొద్దున్నే తప్పెవరిదో పక్కవాళ్లు తేల్చి చెప్పేవాళ్లు. నాదంటూ ఒక్క ఇల్లుంటే చాలు భగవంతుడా అని మొక్కుకోని మనిషి అందులో లేడు.

ఆ మొర ఆలకించినది హైమవతి. మూడేళ్ల కిందట బందరు నుంచి వచ్చిన ఇంజనీరు. ముప్పై ఆరేళ్ల మనిషి, ఒంటరిది, మాట పొదుపు. వస్తూ వస్తూ ఒక పెట్టెడు పరికరాలు తెచ్చుకుంది గానీ తినడానికి కంచం కూడా తెచ్చుకోలేదు. ఆమె తయారుచేసిన యంత్రం పేరు తలపరి. అది చేసే పని వినడానికి సులువే. మెత్తటి టోపీ ఒకటి తలకి పెట్టుకుని, కళ్లు మూసుకుని, 'నేనుండాల్సిన చోటు ఇలా ఉండాలి' అని ఇరవై నిమిషాలు ఊహించుకోవాలి. టోపీలోని సెన్సర్లు మెదడులో కదిలే రంగునీ వాసననీ స్పర్శనీ పట్టి తలపుచిత్రంగా మారుస్తాయి. ఆ చిత్రాన్ని చూసుకుంటూ అచ్చుయంత్రాలు, అంటే త్రీడీ ప్రింటర్లు, ఎర్రమట్టితో తొమ్మిది రోజుల్లో ఇల్లు కట్టేస్తాయి. పొడుగిల్లులోని పాత సామానంతా కరిగించి పొడి చేశారు కాబట్టి, గరిటెలూ గిన్నెలూ కూడా చిత్రంలో ఎలా ఉంటే అలా మళ్లీ పోతపోసి ఇస్తాయి.

మొదటిసారే ఒక చిక్కొచ్చి పడింది. సన్యాసిరావు వంటింటిని ఊహించుకుంటూ, పొయ్యి దగ్గర బజ్జీలు వేస్తున్న పెళ్లాం ధనాన్ని కూడా ఊహించుకున్నాడు. యంత్రానికి ఏం తెలుసు పాపం, ధనాన్ని నిలువెత్తు ఎర్రమట్టి బొమ్మగా చేసి పొయ్యి పక్కన నిలబెట్టింది. గృహప్రవేశం నాడు ధనం దాన్ని చూసి కెవ్వుమని, తేరుకున్నాక, "నా ముక్కు ఇలగ బండలా ఉంతాదేటి నీ బుర్రలో?" అని వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. దాంతో హైమవతి యంత్రానికి మనిషివడపోత పెట్టింది. ఊహలో మనుషులెవరైనా కనిపిస్తే వాళ్లని తీసేసి, మిగిలినదే కట్టాలి. ఇల్లంటే చోటు కదా, మనుషులు ఎలాగూ వచ్చి చేరతారు అనుకుంది.

ఇళ్లు అద్భుతంగా వచ్చాయి. కాకపోతే ఫిర్యాదులు కూడా వచ్చాయి. చిత్రమేమిటంటే ఏ ఫిర్యాదులోనూ ఫలానాది బాగాలేదని లేదు. 'అన్నీ ఉన్నాయి, ఏదో వెలితిగా ఉంది' అని రాసేవాళ్లు. హైమవతి ఒకరింట్లో వెలుతురు పెంచింది, ఇంకొకరింట్లో సంపెంగ వాసన కలిపింది. మళ్లీ వారం తిరక్కుండా 'వెలితి' అనే రాసి పంపేవాళ్లు. ఆమెకి తల కొట్టుకోవాలనిపించేది. తన ఇంట్లో అలాంటి గొడవే లేదు మరి. నిశ్శబ్దం, బల్ల, దీపం, అంతే కోరుకుంది, అంతే వచ్చింది.

ఇళ్ల గొడవ అలా ఉంచి, ఆ రోజు ఆమె గుండెలో రాయి పడడానికి కారణం నలభయ్యో ఇల్లు అందాల్సిన మనిషి, పైడితల్లి.

పైడితల్లి పొడుగిల్లు గాలియంత్రాలకి మెకానిక్. అరవై నాలుగేళ్లు. ఎప్పుడూ నడుముకి రెంచీ వేలాడుతూ ఉంటుంది. ఇప్పటికి మూడుసార్లు టోపీ పెట్టుకుంది. మూడుసార్లూ తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ రాలేదు. గోడ లేదు, కిటికీ లేదు. వలస పాలన చూసే కచేరీ వాళ్ల నిబంధన చూస్తే, చిత్రం లేనిదే ఇల్లు లేదు, ఇల్లు లేనివాళ్లకి గాలి కేటాయింపు లేదు, వాళ్లు భూమికి తిరుగు ఓడ ఎక్కెయ్యాలి. ఓడ ఇంకో పది రోజుల్లో బయల్దేరుతుంది. ఇల్లు కట్టడానికే తొమ్మిది రోజులు కావాలి. ఏం చేసినా ఈ రోజే చెయ్యాలి. అంగారకుడి మీద బరువు తెలియకుండా బతికిన ఆ మోకాళ్లు భూమి మీద నాలుగడుగులు కూడా వెయ్యలేవని డాక్టరు చెప్పనే చెప్పాడు.

ఇక్కడికొచ్చిన మొదటి నెలలో హైమవతికి దుమ్ముజ్వరం తగిలితే, డ్యూటీ దిగి వచ్చి పద్దెనిమిది రోజులు గంజి తాగించినది ఈ మనిషే. ఆ మనిషిని తన యంత్రం చేతగానితనం వల్ల ఓడ ఎక్కించాల్సి వస్తుందేమో అనుకుంటేనే హైమవతికి ఏడుపొచ్చేది.

"ఇంకోసారి చూద్దాం అత్తా. తొందరేం లేదు. మీకు హాయిగా ఉండే చోటు తలుచుకోండి," అంది టోపీ సర్దుతూ.

"తలుచుకుంతనే ఉన్నానమ్మా. కళ్లు మూసుకుంతే ఎంత బాగా కనిపిస్తాదో! నీ మిషనుకే కనిపించట్లేదు."

ఇరవై నిమిషాలు గడిచాయి. తెర బూడిదరంగులోనే ఉంది.

పైడితల్లి కళ్లు తెరిచి తెర వైపు చూసి, హైమవతి మొహం చూసింది. "పోన్లే తల్లీ, నువ్వు బెంగెట్టుకోకు. నాకు ఊహ లేదేటో. ఇన్నేళ్లూ రెంచీ పట్టుకున్నదాన్ని, మీలాగ మేడలు తలుచుకోడం ఏటొస్తాది?" అని నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే సన్యాసిరావు ప్రయోగశాలకి వచ్చాడు. ఇంటి నుంచి ఇంటికి వెళ్లాలంటే గాలితొడుగు వేసుకోవాలి, అది తగిలించుకోడానికే అరగంట. అందుకే ఈ మధ్య ఎవరూ ఎవరింటికీ వెళ్లడం లేదు. అంత శ్రమపడి వచ్చినవాడు తొడుగు కూడా పూర్తిగా విప్పకుండా, సంచిలోంచి మూతపెట్టిన స్టీలు గిన్నె తీసి పైడితల్లి ముందు పెట్టాడు.

"నీ గిన్నె, అప్పా. నా ఇంట్లో ఉండిపోనాది."

హైమవతి గిన్నెని తిప్పి చూసింది. అంచు కింద చుక్కచుక్కలుగా పేరు చెక్కి ఉంది. 'దాసరి పైడితల్లి'.

"ఇదెలా వచ్చింది మీ ఇంట్లోకి? పాత గిన్నెలన్నీ కరిగించేశాం కదా," అంది.

"మరదే. కొత్తింటి అలమరలోనే ఉంది, మొదటి రోజునుంచీ. ఆరోజే ఇచ్చీసీవాడినే. కాపోతే ఖాళీ గిన్నె ఎలగిస్తాను? శెనగలు పండేదాకా ఆగినాను." మూత తీశాడు. వేయించిన వేరుశెనగలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. పైడితల్లి ఒకటి నోట్లో వేసుకుని, "బాగానే ఏపినావురా," అంది. ఆ క్షణంలో ఆమె ఓడ సంగతే మరిచిపోయినట్టుంది.

హైమవతి మాత్రం యంత్రం వైపు తిరిగింది. "తలపరీ, ఈ గిన్నె మీద పేరు తప్పు పడిందేమిటి?"

"తప్పు పడలేదు, హైమవతి గారూ," అంది తలపరి. "సన్యాసిరావు గారు ఊహించుకున్న వంటింట్లో ఆ గిన్నె ఉంది. దాని మీద ఆ పేరుంది. అలాగే పోతపోశాను. ముప్పై తొమ్మిది ఇళ్లలో వేరేవాళ్ల పేర్లున్న గిన్నెలు రెండు వందల పన్నెండు. మొదటి రోజే మీకు నివేదించాను. మీరు 'చిన్న విషయం' అని రాసి పక్కన పెట్టారు."

"ముప్పై తొమ్మిది ఇళ్లలోనా? నా ఇంట్లో లేదుగా?"

"మీ వంటింటి అలమర మీరు ఇంతవరకూ తెరవలేదు."

హైమవతి ఇల్లు ప్రయోగశాలని ఆనుకునే ఉంది. వెళ్లి అలమర తలుపు లాగింది. ఖాళీ అరల మధ్య ఒకే ఒక్క గిన్నె. పేరు చదవకముందే తెలిసిపోయింది. జ్వరంలో గంజి తాగిన గిన్నె అది. నిశ్శబ్దం తప్ప ఏమీ అక్కర్లేదనుకున్న మనిషి తలపులోకి ఇదెప్పుడు దూరిందో ఆమెకే తెలియదు. అక్కడే నేల మీద కూలబడి కాసేపు ఏడ్చింది. బాధతో కాదు. తనకి ఇంత మంచి జరిగిందని ఇన్నాళ్లకి గుర్తొచ్చినందుకు.

అప్పుడు తట్టింది. వడపోత మనుషుల్ని తీసెయ్యగలిగింది గానీ, గిన్నె మనిషి కాదుగా, అందుకని జారుకుని బయటపడింది. అవన్నీ పక్కవాళ్లు పెడితే తిన్న గిన్నెలే. మరి మనుషుల్ని తీసేస్తే బూడిదరంగే మిగిలే ఊహ ఎలాంటిదై ఉంటుంది?

పరుగెత్తుకొచ్చింది. "తలపరీ, మనిషివడపోత తీసెయ్. అత్తా, ఇందాక తలుచుకున్నదే మళ్లీ తలుచుకోండి!"

తెర నిండిపోయింది. ధనం, గవరమ్మ, వాళ్ల మనవలు, సన్యాసిరావు, కచేరీ గుమాస్తా, మూలన బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్న హైమవతి. పొడుగిల్లులో ఒక తెర ఎత్తితే ఒక కుటుంబం, ఇంకో తెర ఎత్తితే ఇంకో కుటుంబం. ఆ తెరలు ఎత్తుకుంటూ చేతిలో గిన్నెతో నడుస్తున్న కాళ్లు పైడితల్లివి. ఒక్క చోట ఒక్క నిమిషం కూడా నిలబడలేదు.

సన్యాసిరావు తెర వైపు చూసి ముక్కు ఎగబీల్చాడు. "ఓయమ్మ, మనందరం ఉన్నాం కదప్పా!"

"మరి నానేటి సెప్తున్నాను? బాగుంది, బాగుంది అని!" అంది పైడితల్లి.

"చిత్రం దొరికింది," అంది తలపరి. "కానీ ఇందులో ఇల్లు లేదు. ఏం కట్టమంటారు?"

హైమవతి ఆ నడిచే కాళ్లనే చూస్తూ ఉంది. "నడవ కట్టు. ముప్పై తొమ్మిది ఇళ్ల తలుపులూ అందులోకే తెరుచుకోవాలి. తొడుగులు అక్కర్లేకుండా గాలి నింపు. మధ్యలో ఒక మంచం, ఒక పొయ్యి."

"నడవ ఇల్లవుతుందా?"

"ఈవిడకి అవుతుంది."

నడవని ఇల్లుగా రాసుకోడానికి కచేరీ వాళ్లు కాస్త గునిశారు. ముప్పై తొమ్మిది గడపల వాళ్లూ తొడుగులు వేసుకుని వచ్చి సంతకాలు పెట్టేసరికి నోరు మెదపలేదు. నాలుగు అచ్చుయంత్రాలూ ఆగకుండా పనిచేశాయి. తొమ్మిదో రోజు సాయంత్రం తలుపులు తెరుచుకున్నాయి. నిశ్శబ్దం కోసం పదకొండేళ్లు మొక్కుకున్న మనుషులు ఆ నడవలోకి వచ్చి ఎంత గోల చేశారంటే, చెవులు మూసుకోవాల్సి వచ్చింది. మర్నాడు ఓడ వెళ్లిపోయింది, పైడితల్లి లేకుండానే. ఓడ కదిలిన చప్పుడు కూడా ఎవరికీ వినిపించలేదు.

నడవ మధ్య పైడితల్లి పొయ్యి పక్కన, ఆమె తలపులో ఉన్నట్టే, పొడవాటి అర ఒకటి వచ్చింది. దాని నిండా పేర్లున్న గిన్నెలు. హైమవతి ఒక్కో పేరూ చదువుకుంటూ వెళ్లి చివరి గిన్నె దగ్గర ఆగిపోయింది. 'హైమవతి' అని ఉంది.

"అత్తా, ఇది మాత్రం పొరపాటే. నాకు గిన్నె ఎప్పుడూ లేదు."

"లేదు కాబట్టే తలుచుకున్నాను," అంది పైడితల్లి రెంచీ తుడుచుకుంటూ. "పొడుగింట్లో ఉన్నన్నాళ్లూ నా గిన్నెలో తిన్నావు, సుబ్బరంగా కడిగి ఖాళీగా ఇచ్చీసినావు. పోన్లే, పనిలో పడి మర్సిపోతాది అనుకున్నాను. నీకంటూ ఒక గిన్నుంతే, నీ సేతి తిండి నానూ ఒకరోజు తినొచ్చు కదా."

హైమవతి గిన్నె తీసుకుని ఇంటికెళ్లింది. మర్నాడు పొద్దున్న జీవితంలో మొదటిసారి పొయ్యి వెలిగించి ఉప్మా చేసింది. అడుగంటింది, ఉండలు కట్టింది. అయినా రెండు గిన్నెల్లోనూ పెట్టి, పైడితల్లి పేరున్నది ఒక చేత్తో, తన పేరున్నది ఇంకో చేత్తో పట్టుకుని నడవలోకి వచ్చింది. పైడితల్లి రెండూ తీసుకుని, గోడకి ఆనుకుని కూర్చుని, ఉన్నదంతా ఊడ్చి తిన్నది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మధ్యాహ్నం హైమవతి ఫిర్యాదుల పట్టిక తెరిచింది. వారాల తరబడి నిండిపోయిన చోట ఆ రోజు వెలితి అన్న మాటే లేదు. ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది.

'ఉప్మాలో ఉప్పు లేదు. రేపు చూసి వెయ్యగలరు. ఇట్లు, దాసరి పైడితల్లి.'

హైమవతి పకపకా నవ్వింది. మర్నాటి నుంచి ఉప్పు సరిగ్గానే వేసింది. ఆ ఫిర్యాదు మాత్రం తీరినట్టు పట్టికలో ఎప్పటికీ రాయలేదు.