ఐదో టిక్కు

"ఇంకా ఎంతసేపు చూస్తావురా? టిక్కు పెట్టెయ్!" అంది అక్క.

తమ్ముడు మెట్ల మీద కూర్చుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, వీధి తలుపునే చూస్తున్నాడు. వాడికి ఐదేళ్ళు. అక్కకి పదకొండు. ఇంట్లో అక్కకి పెట్టిన పేరు తొందరమ్మ. అన్నం చల్లారకముందే నోట్లో పెట్టుకుని, "హా! హా!" అని ఊదుకునే రకం మరి.

తలుపుకున్న పాత రంగు గీకేసి తెల్లటి ప్రైమర్ వేశారు. దాని మీద నిన్న, శనివారం సాయంత్రం, పెయింటరు రెండు పట్టీలు వేసి వెళ్ళాడు, పైనుంచి కిందదాకా. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ.

"రంగు పొద్దున ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం ఒకలా, సాయంత్రం ఒకలా. మూడు పూటలా చూసి, నచ్చిన పట్టీ పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. ఇంట్లో ఐదుగురున్నారుగా? ఐదు టిక్కులు పడితేనే నేను డబ్బా మూత తీసేది," అన్నాడాయన.

పెద్దవాళ్ళు మూడు పూటలు ఎక్కడ ఆగారు! నాన్న పేపరు తీసుకోవడానికి వచ్చి నీలానికి పెట్టేశాడు. అమ్మా, నాయనమ్మా కాఫీ తాగుతూ ఆకుపచ్చకి పెట్టారు. తొందరమ్మయితే ఎవరూ లేవకముందే నీలానికి పెట్టేసింది. రెండూ రెండూ సమానం. ఇక మిగిలింది తమ్ముడు. పెయింటరు మాట విన్నది కూడా వాడొక్కడే.

"నీలమేగా నీకిష్టం? నీ బూట్లు కూడా నీలమేగా?" అంది అక్క.

"పొద్దున నీలం బాగుంది. ఇప్పుడు ఎండలో ఆకుపచ్చ బాగుంది. సాయంత్రం చూసి చెప్తా."

అక్క స్కూల్లో క్లాసంతటికీ "మా తలుపు నీలం" అని పట్టీలు పడకముందే చెప్పేసింది. ఇప్పుడు ఆకుపచ్చ అయితే ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

భోజనమయ్యాక తమ్ముడు నిద్రపోయాడు. తొందరమ్మ చప్పుడు కాకుండా బయటికొచ్చింది. వాడు ఎలాగూ నీలమే అంటాడని తనకి తనే చెప్పుకుంది. నీలం పట్టీ పక్కన ఇంకో టిక్కు పెట్టేసింది.

సాయంత్రం తమ్ముడు పెన్సిల్ పట్టుకుని వచ్చాడు. నాయనమ్మతో సూదిలా చెక్కించుకున్నాడు. వాడి బట్టలు అమ్మ కొంటుంది. వాడు ఏ ఆట ఆడాలో అక్క చెప్తుంది. ఇంట్లో ఒక విషయం వాడి చేతికి రావడం ఇదే మొదటిసారి.

వాడు వేలుపెట్టి లెక్కపెట్టాడు. "అక్కా, ఐదున్నాయే! నాదెవరు పెట్టారు?"

"నువ్వే. మధ్యాహ్నం పెట్టావు. నిద్రమత్తులో మర్చిపోయావు."

"అవునా?"

"అవును."

వాడు పెన్సిల్ మొన వైపు చూసుకున్నాడు. "సరే అయితే," అని పెన్సిల్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ తలుపు వైపు చూడను కూడా చూడలేదు.

తొందరమ్మ అనుకున్నదే జరిగింది. కానీ ఆ రోజు ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే పెయింటరు వచ్చాడు. నీలం డబ్బా మూత కింద స్క్రూడ్రైవర్ పెట్టి, తలుపు వైపు చూసి ఆగాడు.

"అన్ని టిక్కులూ ఇంత పైనున్నాయేంటి? చిన్నబాబు నిచ్చెన ఎక్కాడా ఏంటి?"

అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. తలుపు దగ్గరికెళ్ళి చెయ్యెత్తాడు. మునివేళ్ళ మీద నిలబడ్డాడు. అన్నిటికంటే కింద ఉన్న టిక్కు కూడా అందలేదు.

"నాకు గుర్తులేదు. కానీ నేనే పెట్టాను," అన్నాడు. "అక్క చెప్పిందిగా!"

అమ్మ అక్క వైపు చూసింది. అక్కకి మాత్రం తమ్ముడి మాటే చెవుల్లో ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. వాడు ఇంత నమ్ముతాడని ఆమె అనుకోలేదు.

"వాడు పెట్టలేదు. నేనే పెట్టాను," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడితో అబద్ధం చెప్పాను."

నాన్న ఏదో అనబోయాడు. నాయనమ్మ చేత్తో ఆపింది. తొందరమ్మ రబ్బరు తెచ్చి తను పెట్టిన దొంగ టిక్కు చెరిపేసింది.

"ఇప్పుడు పెట్టరా," అంది.

"ఎలా పెడతాను? నిన్న సాయంత్రం నేను రంగులు చూడలేదుగా!" అన్నాడు తమ్ముడు.

పెయింటరు డబ్బా మూత గట్టిగా నొక్కేశాడు. "న్యాయమే. సాయంత్రందాకా కిటికీల పని చూసుకుంటాను," అన్నాడు.

స్కూల్లో అడిగారు, "మీ తలుపుకి నీలం వేశారా?" అని.

"ఇంకా తెలీదు. మా తమ్ముడు చూడాలి," అంది తొందరమ్మ.

సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. అక్క పెన్సిల్ చెక్కి ఇచ్చింది. ఎండ పక్కింటి గోడ పక్కనుంచి వాలుగా తలుపు మీద పడింది. ఆమె నోటిదాకా వచ్చిన మాటలు మింగేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకాసేపు చూడనా?" అన్నాడు తమ్ముడు.

"చూడు. తొందరేం లేదు."

చాలాసేపటికి వాడు లేచాడు. ఆకుపచ్చ పట్టీ పక్కన, తన మెడ ఎత్తులో, నాలుక బయటపెట్టి జాగ్రత్తగా టిక్కు పెట్టాడు. కాస్త వంకరగా వచ్చింది.

"అంకుల్!" అంటూ తొందరమ్మ కిటికీల వైపు పరిగెత్తింది. "మా తమ్ముడు పెట్టేశాడు! ఆకుపచ్చ డబ్బా తెరవండి!"