కడవరాయి మలుపులో తడి

ఏలూరు నించి కైకలూరు పోయే రోడ్డు మీద కడవరాయి మలుపని ఒకటుంది. పొద్దుగూకాక ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు. సైకిలు చైను ఊడిపోయినా సరే, మలుపు దాటేదాకా నడిపించుకుపోయి అప్పుడు వేసుకుంటారు.

ఎందుకంటే... అక్కడ ఒకావిడ ఉంది.

రొయ్యల షెడ్డులో పనిచేసే మనిషట. పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఉంటే చేపల లారీ ఎక్కించి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు. దాహం, దాహం అని దారి పొడుగునా అడుగుతూనే ఉందట. చుట్టూ కొల్లేరు, లారీ నిండా ఐసు — ఆవిడకి గుక్కెడు నీళ్లు పోసినవాడు లేడు. సరుకు ఆలస్యమవుతుందని డ్రైవరు బండి ఆపలేదు. ఆ మలుపులోకి వచ్చేసరికి ఆవిడ అడగడం మానేసింది.

అప్పట్నించి రాత్రయితే అక్కడ రోడ్డు తడిగా ఉంటుంది. వాన లేకపోయినా సరే, రోళ్లు పగిలే ఎండలయినా సరే. ఆవిడ కొల్లేట్లో మునిగొచ్చి, మలుపులో కడవలా ఉండే ఆ రాయి పక్కన కూర్చుని జుట్టు పిండుకుంటుందంటారు. పగలు చూస్తే చుక్క తడి ఉండదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దెయ్యాల కథలు చెప్పేవాళ్ల మీద అసలే లేదు. కానీ ఇది నాకు చెప్పినవాడు ఏసుకుమార్. మా దెందులూరులో మా వీధి చివరి ఇల్లు అతనిది. చిన్న అబద్ధం ఆడాలన్నా నాలుక తడబడే మనిషి. కరెంటు పోయిన ఒక సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతాను.

ఏసుకుమార్ అప్పట్లో తాడేపల్లిగూడెంలో భాస్కరరావుగారి దగ్గర కారు డ్రైవరు. ఆయనకి రైసుమిల్లు ఉంది. మిల్లు కన్నా కారంటేనే ఎక్కువ ప్రాణం. విదేశీ బండి, బలమైన ఇంజిను. యాక్సిలేటరు మీద కాలు ఆనిస్తే చాలు, వీపు వెళ్లి సీటుకి అతుక్కునేది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేసిన మరుసటి ఏడు ఆ కారు టైర్లు అరిగిపోయాయి.

భాస్కరరావుగారి ప్రాణస్నేహితుడు ప్రసాదరావుకి ఏలూరులో టైర్ల షాపు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఒకరింట్లో పెళ్లయితే రెండోవాడు వంటశాల దగ్గర గరిటె పట్టుకుని నిలబడేవాడు. ఆ సైజు టైర్లు ఇక్కడ దొరకవు, మద్రాసు నించి రావాలి. ఎన్నాళ్లో ఎదురుచూడగా ఒక్క సెట్టు వచ్చింది.

"ఎండకీ వానకీ ఒకటేరా ఇవి. అన్ని కాలాలకీ పనికొస్తాయి," అని ప్రసాదరావు టైరు నిమురుతూ చెప్పాడు. "ఈ గాట్లు చూడు. కింద పడ్డ నీటిని పక్కలకి చిమ్మేస్తాయి. రబ్బరు మెత్తన. నీ బండికున్న బలానికి తడి రోడ్డు మీద ఇలాంటివే ఉండాలి. బ్రేకు తొక్కితే ఉడుంపట్టు!"

కారు వదిలేసి వెళ్లమన్నాడు. దగ్గరుండి వేయించి సాయంత్రానికి పంపించాడు. నల్లగా నిగనిగలాడుతున్న టైర్లని చూసి భాస్కరరావుగారు కొబ్బరికాయ కొట్టించారు.

అప్పటిదాకా అంతా బాగానే ఉంది.

మే నెలలో భాస్కరరావుగారి భార్య కాంతంగారు కైకలూరులో పెళ్లికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. ఏసుకుమార్ కడవరాయి మలుపు తిప్పాడు... రోడ్డు నల్లగా మెరుస్తోంది. తడి!

ఆ పక్కనే, రాయి దగ్గర — తెల్లగా ఏదో. కూర్చున్న మనిషంత ఎత్తు. దాని మీంచి సన్నగా పొగలు లేస్తున్నాయి.

ఏసుకుమార్ బ్రేకు తొక్కాడు.

కారు ఆగలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు ఆ తెలుపు వైపే జారిపోయింది. స్టీరింగు ఎటు తిప్పినా వినలేదు. గిర్రున తిరిగి వెళ్లి అవతలి చెట్టుకి గుద్దుకుంది. కాంతంగారి చెయ్యి విరిగింది.

మర్నాడు మధ్యాహ్నం భాస్కరరావుగారు ప్రసాదరావుని వెంటబెట్టుకుని వెళ్లి ఆ మలుపు చూశారు. రోడ్డు పెనంలా కాలుతోంది. తడి లేదు, తెలుపు లేదు.

"ఈ ఎండల్లో తడేంట్రా?" అన్నాడు ప్రసాదరావు, అక్కడే పడున్న కారు టైర్లని కాలితో తట్టి. "వీటికేం? రాళ్లలా ఉన్నాయి. వాడు తాగుంటాడు. లేదంటావా... ఈ మలుపులో ఆవిడ సంగతి నీకు తెలిసిందేగా."

భాస్కరరావుగారికి దెయ్యాల మీద నమ్మకం లేదు. స్నేహితుడి మీద ఉంది. ఇక మిగిలింది ఏసుకుమారే. మిల్లులో అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టారు. పన్నెండేళ్లుగా సారా వాసన చూడని మనిషిని తాగుబోతు అన్నారు. కారు తాళం లాక్కుని పంపేశారు.

ఆ మాట తాడేపల్లిగూడెం నించి దెందులూరు రావడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఇంకెవరూ పనికి పిలవలేదు. అతని భార్య సరోజ చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, వెనక గోడ పక్కకి వెళ్లిపోయింది. మేమందరం చూశాం. ఏదో ఉండే ఉంటుందిలే అనుకున్నాం కూడా.

కాంతంగారు మాత్రం ఊరుకోలేదు.

"నేనూ చూశానండీ," అన్నారు భర్తతో, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. "తెల్లగా... పొగలు కక్కుతూ. తాగింది అతనైతే నాకెలా కనపడిందండీ?"

ఆ మలుపుని రాత్రిపూట తన కళ్లతోనే చూడాలనుకున్నారు భాస్కరరావుగారు. కారు బాగుచేయించి వచ్చిన రోజు సాయంత్రమే, అవే టైర్లతో బయల్దేరారు. దారిలో ఏసుకుమార్‌ని ఎక్కించుకున్నారు. "ఇవాళ తేల్చేద్దాం. అక్కడేమీ కనపడకపోతే నువ్వు తాగినట్టే. ఒప్పుకోవాలి మరి," అన్నారు. ఏసుకుమార్ సరేనండీ అని వెనక సీట్లో కూర్చున్నాడు. దెయ్యం కనపడాలని దేవుణ్ణి ప్రార్థించిన క్రైస్తవుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటానండీ, అన్నాడు నాతో.

ఏలూరులో ప్రసాదరావుని పిలిచారు. "నేనెందుకురా? ఒంట్లో బాలేదు," అన్నాడాయన.

"దెయ్యమంటే భయమా? నేనున్నాగా, రా!" అని చెయ్యి పట్టుకు లాగి ముందు సీట్లో కూర్చోబెట్టారు.

కారు ఊరు దాటింది. చీకటి చిక్కబడింది. రెండు పక్కలా కొల్లేటి నీళ్లు... ఎక్కడో నీటికోళ్ల అరుపులు. ప్రసాదరావు అద్దంలోంచి రోడ్డు కేసే చూస్తున్నాడు. మలుపు దగ్గరపడుతోంటే చెయ్యి చాచి, సీటు బెల్టు లాగి పెట్టుకున్నాడు. ఆయన బెల్టు పెట్టుకోవడం ఏసుకుమార్ ఏనాడూ చూడలేదు.

భాస్కరరావుగారు పకపకా నవ్వారు. "దెయ్యానికి బెల్టు అడ్డమేంట్రా?"

"నెమ్మదిగా పోనీరా..." అన్నాడు ప్రసాదరావు.

"నువ్వేసిన టైర్లేగా. భయమెందుకు?" అని యాక్సిలేటరు నొక్కారు. ఇంజిను గుర్రుమంది.

"భాస్కరం... చెప్తున్నా... నెమ్మదిగా..."

లైట్లు మలుపు తిరిగాయి.

రోడ్డు మెరిసింది. తడి...

రాయి పక్కన — తెల్లగా — పొగలు కక్కుతూ —

భాస్కరరావుగారి కాలు బ్రేకు మీదికి వెళ్లింది. అప్పుడు అరిచాడు ప్రసాదరావు, పీక తెగిపోయేలా.

"తొక్కకు! బ్రేకు తొక్కకు! అవి ఆ టైర్లు కావురా!"

కాలు గాల్లో ఆగిపోయింది. కారు తడి మీద తేలింది. కింద రోడ్డు ఉందో లేదో తెలియనట్టు పక్కవాటుగా జారి, జారి... గట్టు చివర బురదలో దిగబడి ఆగింది. ముందు చక్రం ఒకటి నీళ్ల మీద గాల్లో వేలాడుతోంది.

ఇంజిను ఆగిపోయింది. లైట్లు మాత్రం తిన్నగా ఆ తెలుపు మీదే పడుతున్నాయి.

అంతలో కైకలూరు వైపు నించి చేపల లారీ వచ్చింది. ఆ మలుపులో ఎవరూ ఆపరంటారే — ఆ లారీ ఆగింది. డ్రైవరు గంపతో దిగాడు. రాయి దగ్గరికి వెళ్లి, గంపెడు ఐసు ఆ తెల్లటి కుప్ప మీద గుమ్మరించి దణ్ణం పెట్టాడు.

కారుని చూసి గాబరాగా పరిగెత్తుకొచ్చాడు. "దెబ్బలేం తగల్లేదు కదండీ? కనపడిందాండీ ఆవిడ?"

"ఆ ఐసేంటి?" అని ఏసుకుమార్ అడిగాడు.

"ఆవిడ దాహానికండీ. ఆ రోజు ఇవ్వలేదు కదండీ మావాళ్లు... అందుకని పొద్దుగూకాక ఈ దారిన పోయే ప్రతి లారీ గంపెడు ఐసు పోసి పోతుందండీ. బయటివాళ్లకి చెప్పమండీ, ఆవిడకి కోపం వస్తుందని. ఇంతచేసినా చల్లబడట్లేదండీ... ఏదో ఒక బండి జారుతూనే ఉంటుంది!"

ఆ ఐసే కరిగి, చేపల జిగురుతో కలిసి మలుపంతా పారుతోంది. తెల్లారి ఎండకి ఆరిపోతుంది. ఆవిడ శాంతించాలని పోసేదే అందరినీ పడేస్తోందని ఆ అమాయకుడికి తట్టలేదు. ఏసుకుమార్ చెప్పాక వంగి ఆ తడిని వేలితో తాకి వాసన చూసుకున్నాడు.

ముందు సీట్లో భాస్కరరావుగారు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నారు.

"ఆ టైర్లు కావంటే...?"

ప్రసాదరావు తల ఎత్తలేదు. అలాగే చెప్పుకొచ్చాడు. అల్లుడిదీ అదే రకం కారు. వచ్చింది ఒక్కటే సెట్టు. కూతురు అఖిల చంటిపిల్లతో వానల్లో తిరుగుతుందని... కొత్తవి ఆ కారుకి వేశాడు. అల్లుడి కారుకున్న అరిగిన టైర్లకి మళ్లీ గాట్లు కోయించి, నల్లరంగు పూయించి ఈ కారుకి బిగించాడు. మళ్లీ సెట్టు రాగానే మార్చేద్దామనుకున్నాడు.

"పొడి రోడ్డు మీద ఏం కాదురా... ఎండాకాలమే కదా అనుకున్నా..."

భాస్కరరావుగారు స్టీరింగు వదిలారు.

"అఖిలని నా భుజాల మీద తిప్పానురా. అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా. నా కారువి నేనే ఊడదీసి ఇచ్చేవాణ్ణి." ప్రసాదరావు వైపు తిరిగారు. "కాంతం ఉందిరా ఆ రోజు కారులో. వీడు తాగాడన్నావు. అదీ నువ్వే అన్నావు."

ప్రసాదరావు ఏడ్చాడు. భాస్కరరావుగారు ఊరుకోమనలేదు. వెనక్కి తిరిగి, "కుమారూ... రేపట్నించి వచ్చెయ్‌రా," అన్నారు. "వాడు మనిద్దర్నీ మోసం చేశాడు."

ఏసుకుమార్ కారు తలుపు తీశాడు.

"ఆయన మిమ్మల్ని మోసం చేశారండీ. మీ బాధ నాకు కనపడుతోంది. నన్ను మోసం చేసింది ఆయన కాదండీ," అన్నాడు. "ఆయనకి నేనెవర్ని? మీ దగ్గర పన్నెండేళ్లు చేశాను."

దిగాడు. అందరూ కాలు పెట్టడానికి భయపడే ఆ మలుపులో, తడిలో దిగి, లారీ ఎక్కి ఏలూరు వెళ్లిపోయాడు. మర్నాడు భాస్కరరావుగారు ఇంటికొచ్చి సరోజ ముందు తప్పయిందని చెప్పుకున్నారు. కాంతంగారు పిండివంటలు పంపారు. అయినా ఏసుకుమార్ ఆ కారు తాళం మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు.

ఆ స్నేహితులిద్దరూ మాట్లాడుకోవడం లేదని విన్నాను. లారీలవాళ్లు ఇప్పుడు ఐసుని రోడ్డు పక్కన కాకుండా గట్టు దిగి, నీళ్ల వైపు పోస్తున్నారట.

కరెంటు వచ్చింది. లేవబోతూ అడిగాను. "అయితే దెయ్యం లేనట్టేగా కుమారూ? మంచిదేగా."

అతను దీపం ఊది ఆర్పేశాడు.

"ఉంటే బాగుండునండీ," అన్నాడు. "తప్పంతా ఆవిడ మీదే వేసేసి, ముగ్గురం కలిసి ఇంటికి వచ్చేసేవాళ్లం."